ముద్దయిన అన్నం

మా మామగారు ఆకలికి తట్టుకోలేక, పోయిన భార్యకు పెట్టిన పిండం తీసుకుని తిన్నారనీ, ఆ ఆకలికి కారణం నేనేననీ మా అత్తవారి వైపు ఒక కథ చలామణీలో ఉంది. ఆయన తిన్నమాట నిజం. తిన్నది పిండం కాదు, తినడానికి కారణం ఆకలీ కాదు. ఆ రోజు పొద్దున ఆయన నా చేతి ఉప్మా పెట్టించుకుని, మళ్ళీ పెట్టించుకుని మరీ తిన్నారు. కానీ ఉప్మా గురించి ఎవరు మాట్లాడతారు? ఉప్మాలో కథ లేదు.

ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఊరుకోవడం నా స్వభావం కాదని తెలిసినవాళ్ళు నవ్వుతారేమో, నవ్వనీండి. పోయిన ఆదివారం బొల్లారంలో బంధువులమ్మాయి సీమంతానికి వెళ్ళాం. భోజనాల దగ్గర నేను ప్లేటు పట్టుకుని బగారన్నం వడ్డించుకుంటున్నాను. నా ముందు మా వారి మేనత్త, అంటే మా మామగారి సొంత చెల్లెలు, ఎవరో కొత్తావిడకి చెబుతోంది. "ఏం జెప్పాలె వదినా మా అన్న బతుకు. కోడలు ఇంత అన్నం ఉడకేసి పెట్టకపాయె. ఆఖరికి జపానోళ్ళ వంట నేర్సుకున్నడు పాపం. ఆకలికాగలేక మా వదిన పిండం దీస్కొని తిన్నడు, ఈ కండ్లతోని జూసిన." ఆ కొత్తావిడ నోరు తెరిచి వింటోంది. నేను గరిటె గిన్నెలో పెట్టి, "చిన్నత్తమ్మా, ఆ పిండంలో మామిడికాయ తొక్కు ఉంది. ఎక్కడైనా పిండంలో తొక్కు పెడతారా?" అని అడిగాను. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసి ఏమాత్రం తొణక్కుండా, "ఏమో, మీ ఆంధ్రోళ్ళు ఏమన్న వెడ్తరు," అంది. ఆ కొత్తావిడ నా ప్లేటులోకి అనుమానంగా చూసింది. మా వారు దూరం నుంచి ‘వదిలెయ్’ అన్నట్టు చెయ్యి ఊపారు. ఆయన పెళ్ళైనప్పటి నుంచీ అలాగే చెయ్యి ఊపుతున్నారు. వదిలెయ్యను. అందుకే ఇది రాస్తున్నాను. కథ సరిచెయ్యడం ఒక ఎత్తయితే, ఆ కథ కింద పడి నలిగిపోయిన అసలు సంగతి ఒకటుంది. అది ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ పట్టలేదు.

ముందు నా సంగతి రెండు మాటలు. మా నాన్న కోస్తా నుంచి వ్యాపారం మీద వచ్చి సికింద్రాబాదులో స్థిరపడ్డారు. నేను పుట్టిందీ పెరిగిందీ డిగ్రీ చదివిందీ ఈ ఊళ్ళోనే. అయినా పెళ్ళై పాతికేళ్ళు దాటిపోయాక కూడా మా అత్తవారికి నేను ఆంధ్ర పిల్లనే. వాళ్ళది తరాలుగా ఇక్కడి కుటుంబం. మా మామగారు లాలాగూడలో రైల్వే వర్క్‌షాపులో రేకు పని చేసేవారు. ఉద్యోగంలో చేరినప్పుడు పట్టిన సుత్తి రిటైరయ్యేదాకా దించలేదు. రేకుని కొలిచి, గీసి, కోసి, మడిచి, అతుకు కనబడకుండా కలపడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని తోటివాళ్ళే అనేవారు. ఆ చప్పుళ్ళలో చెవులు పోయాయి. చెవి మిషన్ ఉండేది గానీ అది ఎక్కువగా చొక్కా జేబులోనే ఉండేది. పెట్టుకోండి మామయ్యా అంటే, "ఏం, ఏమన్న మంచి మాట జెప్తున్నరా?" అనేవారు. అంతకు మించి మాట్లాడడం ఆయనకి అలవాటు లేదు.

మా అత్తమ్మ కూడా పెద్దగా మాట్లాడేది కాదు. ఆవిడ బతుకంతా బియ్యం చుట్టూ తిరిగింది. ఇది నేను ఎక్కువ చేసి చెప్పడం లేదు. మా మామగారికి అన్నం పొడిపొడిగా ఉండాలి. మెతుకు మెతుకుని తాకకూడదు. అందుకని ఆవిడ కొత్త బియ్యం కొని, బస్తాలో ఎండు వేపాకు వేసి, మూతి కుట్టి, ఏడాది పాటు మంచం కింద పెట్టేది. ఆ ఏడాది తిన్నది అంతకు ముందు ఏడాది బస్తా. బస్తాల వరసకి ఆవిడ బుర్రలో ఒక లెక్క ఉండేది, ఏది ఎప్పుడు విప్పాలో, ఏ బస్తాకి ఎంత ఎసరు పట్టాలో. అన్నం ఉడికేటప్పుడు గరిటెతో నాలుగు మెతుకులు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాటిని దేవుడి పటాన్ని చూస్తున్నట్టు చూసేది. పెళ్ళైన కొత్తలో అది చూసి, ఏదో పూజేమో అనుకున్నాను.

అది పూజ కాదు, భయం. ఆ సంగతి నాకు మేం లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడే తెలిసింది. ఒక ఏడు కొట్టువాడు పాతవని చెప్పి కొత్త బియ్యం అంటగట్టాడు. అన్నం ముద్దయింది. మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగింది, మామగారు సైకిలు మీద వచ్చారు, చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. కంచంలో అన్నం చూశారు. తిట్టలేదు, అరవలేదు. కుడిచేతి రెండు వేళ్ళతో కంచాన్ని జానెడు దూరం నెట్టారు. అంతే. ఆ స్టీలు కంచం గచ్చు మీద జరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అత్తమ్మ ఒక్క మాట అనకుండా లేచి మళ్ళీ ఎసరు పెట్టింది. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. రెండో సైరన్ మోగేసరికి అన్నం ఉడకలేదు. ఆయన లేచి, సైకిలెక్కి, తినకుండానే వెళ్ళిపోయారు. ఆవిడా తినలేదు. సాయంత్రం ఆయనకి వేడి వేడి పొడన్నం వడ్డించాక, ఆ మధ్యాహ్నపు ముద్దన్నంలో మజ్జిగ పోసుకుని తింది. నేను ఆగలేక, "మెత్తటి అన్నం కడుపుకి మంచిదే కదా మామయ్యా, అందులో తప్పేముంది?" అన్నాను. అత్తమ్మ వెనక నుంచి నా చెయ్యి గట్టిగా గిల్లింది. ఎర్రగా కమిలింది. తర్వాత వంటింట్లో, "ఊకో బిడ్డా, నాకు అలవాటే. గాయనకు కోపం లేదు, అన్నం దిగదు, గంతే," అని సముదాయించింది. ఎవరిని సముదాయించిందో నాకు తెలియలేదు.

అలా ఎన్ని కంచాలు జరిగాయో నేను లెక్కపెట్టలేదు. నేను చూసినవే అయిదారు. నేను రాకముందు వాళ్ళ సంసారం ఇరవై ఏళ్ళ పైమాటే. ఇంకో సంగతి చెప్పాలి. తర్వాత్తర్వాత వంట నా చేతికి వచ్చాక, పాత బస్తా అయిపోయి కొట్టు బియ్యం వండిన రోజుల్లో నా అన్నం చాలాసార్లు ముద్దయింది. నాకు అంత ఓపిక లేదు, బస్తాలకి వేపాకు వేసే తీరికా లేదు. ఆయన నా కంచం ఎన్నడూ నెట్టలేదు. కలుపుకుని తిని లేచేవారు. నెడితే నేను ఊరుకోనని ఆయనకు తెలుసు. నా నోటికి భయపడిన మనిషి ఆవిడ మౌనానికి ఒక్కసారైనా భయపడలేదేం? ఈ మాట మా వారితో అంటే ఆయన చెయ్యి ఊపారు.

అల్వాల్‌లో సొంత ఇల్లు కట్టుకుని వచ్చాక, ఆ ఇంట్లోనే అత్తమ్మ పోయింది. వారం రోజుల జ్వరం, అంతే. పోయేముందు కూడా మంచం కింద బస్తాలు చూపించి, "ఎడమదిక్కుది ముందుగాల ఇప్పు," అని నాకు అప్పగించింది. ఆవిడ చివరి కోరిక అనుకోవాలంటే అదే.

ఆ తర్వాత మామగారు వరండాలో కుర్చీకి అతుక్కుపోయారు. మా అమ్మాయి తాతకి తోచడం లేదని ఫోనులో వీడియోలు చూడడం నేర్పింది. మన వంటల వీడియోలు పెడితే చిరాకు పడ్డారు. వాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు, ఈయనకి వినబడదు, నోరు కదులుతూ ఉంటే తనకేదో తెలియకుండా దాస్తున్నట్టు ఉంటుంది. అలా వేలు జరుపుతూ జరుపుతూ ఎక్కడో ఒక జపాన్ ముసలాయన దగ్గర ఆగారు. ఆయనది చిన్న వంటగది, ఒక పొయ్యి, ఒక కత్తి. మాట లేదు, పాట లేదు. ఎంతసేపూ చేతులు మాత్రమే కనబడతాయి. గుడ్డు కొడతాడు, గిలక్కొడతాడు, పోస్తాడు, చుడతాడు. మా మామగారు ఆ చేతుల్ని గంటలు గంటలు చూసేవారు. తెలుగులో చెప్పినా అర్థం కాని మనిషికి జపనీస్‌లో చెప్పకపోతే అర్థమైంది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి, "బిడ్డా, గా పొయ్యి నాకొక గంట ఇస్తవా?" అని అడిగారు. చేతిలో స్టీలు స్కేలు, చెవి మీద పెన్సిలు. నేను మా వారి అన్నం క్యారేజీ తోముతున్నాను. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఆ గుమ్మం దాటి లోపలికి రావడం మంచినీళ్ళకి కూడా చూడలేదు. నీళ్ళు కూడా అత్తమ్మే తీసుకెళ్ళి ఇచ్చేది. ఒళ్ళు మండింది. మండినా, మూడింటి నుంచి నాలుగింటి దాకా మీదే అన్నాను. ఇది మా వారి మేనత్త కథలో లేదు. పొయ్యి ఇచ్చింది నేను. గుడ్లు తెచ్చింది నేను. ఆయన దించిన గిన్నెలన్నీ కడిగింది కూడా నేనే, ఆయన గిన్నెలు కడిగే వీడియో ఏదీ చూడలేదు కాబట్టి.

మొదటిది చుట్టిన ఆమ్లెట్టు. మా గుండ్రటి పెనం మీద అది కుదరదని రెండో రోజే తేల్చేశారు. ఆ ముసలాయనది నలుచదరపు పెనం. కొనుక్కోవచ్చు కదా అన్నాను. ఆ మాటకి ఆయన నన్ను చూసిన చూపు, నేనేదో ఆయన కులవృత్తిని తిట్టినట్టు ఉంది. మర్నాడు దళసరి ఇనప రేకు ఒకటి ఎక్కడి నుంచో తెచ్చారు. డాబా మీద కూర్చుని కాగితం మీద బొమ్మ గీసి, రేకు మీద గీటు పెట్టి, కోసి, నాలుగు అంచులూ పైకి మడిచి, మూలల్లో అతుకు లేకుండా రేకునే మడతేసి, పాత కుక్కరు పిడి ఊడదీసి రివెట్లు కొట్టారు. రెండు రోజులు వీధంతా ఠంగ్ ఠంగ్. పక్కింటావిడ వచ్చి ఏం కడుతున్నారని అడిగింది. ఆమ్లెట్టు అన్నాను. ఆ పెనం ఇప్పటికీ నా వంటింట్లో ఉంది. నీళ్ళు పోసి చూస్తే నాలుగు మూలల్లోంచీ ఒక్క చుక్క బయటికి రాదు. అంత చక్కటి పని చేసే చేతులు నలభై ఏళ్ళు ఒక గ్లాసు నీళ్ళు ముంచుకోలేకపోయాయంటే నేను నమ్మాలి.

గుడ్డు కుదిరింది. పల్చటి పొర పోసి, చుట్టి, పక్కకి జరిపి, మళ్ళీ పోసి, మళ్ళీ చుట్టి, చివరికి దిండులా పచ్చగా ఒకటి తయారయ్యేది. కోసి, ముక్క మందం స్కేలుతో కొలిచి, నాకు ఇచ్చేవారు. కొంచెం తీపిగా, మెత్తగా ఉండేది. బాగానే ఉండేది. ఆయనకి మాత్రం ఆ మాట చెప్పలేదు, నా కూరలకి ఆయన ఎన్నడు చెప్పారు గనక.

రెండోది కీరదోసకాయ. పల్చగా తరిగి, ఉప్పు వేసి, నీరు పిండేసి, వెనిగరూ చక్కెరా నువ్వులూ కలపడం. అంతే, పొయ్యితో పని లేదు. గిన్నెలో అది అలా పాలిపోయి పడుకుని ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు. ఆయన వరండాలోకి వెళ్ళగానే గబగబా గరిటెలో నూనె కాచి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి చుయ్‌మనిపించాను. కరివేపాకు ఏరి పారేస్తే తెలియదనుకున్నాను. చెవులు పోయినవాళ్ళకి ముక్కు రెండింతలు పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, "ఎవరో ఏలు వెట్టిన్రు," అన్నారు. నేను కాదన్నాను. ఆయన గిన్నెలోంచి ఒక ఆవగింజ తీసి బల్ల మీద, సరిగ్గా నా ముందు పెట్టారు. ఇంత నోరున్నదాన్ని, ఆ ఆవగింజని కొంగుతో తుడిచేశాను. తర్వాత నేనే అడిగాను, ఇంట్లో ఇన్ని వంటలుండగా ఈ జపాన్ వంటే ఎందుకని. చెవి మిషన్ పెట్టుకుని రెండోసారి అడిగించుకుని చెప్పారు. "మన కూర వండితే మీ అత్త లెక్క లేదంటరు బిడ్డా. గిదైతే గిట్లనే ఉంటదో ఉండదో ఎవనికెరుక?" అప్పుడు నవ్వాను. కానీ ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఆవిడతో పోల్చి చూసే చోటికి వెళ్ళకూడదని, సముద్రాలు దాటి వెళ్ళి వంట నేర్చుకుంటున్నాడీయన. అంటే ఆవిడ వంట ఎంతటిదో ఈయనకి తెలుసన్నమాట. మరి తెలిసిన మాట ఆవిడతో ఎప్పుడన్నా అన్నాడా?

మూడోది అన్నం ముద్ద. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఉడికిన అన్నాన్ని తడిచేత్తో మూడు మూలల ముద్దగా ఒత్తి, మధ్యలో ఏదైనా పుల్లటిది పెట్టడం. వాళ్ళు ఉప్పులో వేసిన పండేదో పెడతారట. ఆయన మామిడికాయ తొక్కు పెట్టారు. పైన సముద్రపు నాచు చుట్టాలి. అది లేదు కాబట్టి తమలపాకు పెనం మీద కాల్చి చూశారు, నల్లబడి ముక్కలైంది. చివరికి నల్ల నువ్వులు అద్దడంతో సరిపెట్టుకున్నారు. ఇవన్నీ కుదిరాయి గానీ అసలు అన్నం ముద్ద కాలేదు. నేను వండేది అత్తమ్మ మంచం కింద పెట్టి వెళ్ళిన బియ్యం. ఎంత ఒత్తినా చెయ్యి తియ్యగానే గలగలా రాలిపోయేది. ఆ ముసలాయన చేతిలో నిలబడుతోంది, ఈయన చేతిలో రాలుతోంది. నీళ్ళు ఎక్కువ పోయించారు, గంట నానబెట్టించారు, కుక్కర్లో ఇంకో రెండు కూతలు రానిచ్చారు. మెతుకు చితికింది గానీ అంటుకోలేదు. అత్తమ్మ పనితనం అది.

"మీ అత్త ఏడాదికి పెట్టాలె," అన్నారు ఒకరోజు, రాలిన మెతుకులు ఏరుతూ. సంవత్సరీకం నాటికి ఈ ముద్ద కుదరాలి, తన చేత్తో చేసి ఆవిడ విస్తట్లో పెట్టాలి, అదీ ఆయన పట్టుదల. ఆ మాట విన్నాక నా కోపం కొంత తగ్గింది. అందుకే ఆయన కొట్టుకి బయల్దేరితే నేనూ వెళ్ళాను. ఆయనకు వినబడదు, కొట్టువాడు అరవడు.

ఆ కొట్టు మేం అల్వాల్ వచ్చినప్పటి నుంచీ తెలిసినదే. అత్తమ్మ ఆ కొట్లో ఎన్ని బస్తాలు తెరిపించి, ఎన్ని గింజలు నమిలి, ఎన్ని వెనక్కి పంపించిందో ఆ కొట్టాయనకే తెలుసు. మామగారు వెళ్ళి, "కొత్త బియ్యం కావాలె. ముద్దయ్యేటివి," అన్నారు. కొట్టాయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. "మంచిగ ముద్ద కావాలె. ఒకదానికొకటి అంటాలె," అని మళ్ళీ చెప్పారు, పక్కవాళ్ళకి కూడా వినబడేంత గట్టిగా. కొట్టాయన నవ్వి, "ఏంది పెద్దాయనా, అమ్మ ఉన్నప్పుడు ఏడాది పాతయి లేకుంటే ముట్టకపాయె. ‘ముద్దయితే మా ఆయన కంచం ముట్టడు, ఉపాసముంటడు’ అని ఎన్నిసార్లు వాపస్ ఇచ్చిందో నాకెరుక," అన్నాడు. మామగారి వైపు చూశాను. ఆయన వంగి, బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు బియ్యం తీసి, పిడికిలి బిగించి, విప్పి చూస్తున్నారు. చెవి మిషన్ ఆయన జేబులో ఉందో, చెవిలో ఉందో నాకు కనబడలేదు. నేను నిలబడింది అటుపక్క. "గివ్వే కట్టు," అన్నారాయన కొట్టాయనతో. దారిలో ఏమీ మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడరు కాబట్టి, దాన్ని బట్టి ఏమీ చెప్పలేను.

సంవత్సరీకం నాడు ఇల్లంతా బంధువులు. అత్తమ్మ ఫొటోకి దండ వేసి, దీపం పెట్టి, ఊదు వేసి, ముందు మోదుగాకుల విస్తరి పరిచాం. ఆవిడకిష్టమైనవన్నీ చేశాను, గారెలు, మటన్ కూర, పచ్చిపులుసు. మా వారు ఒక్కొక్కటీ వడ్డించారు. అప్పుడు మామగారు వంటింట్లోంచి వచ్చారు. తెల్ల చొక్కా, తడి చేతులు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మూడు అన్నం ముద్దలు, పక్కన పచ్చటి గుడ్డు చుట్ట నాలుగు ముక్కలు. ఒక్క మెతుకు రాలలేదు. మూడు ముద్దలూ ఒకే అచ్చు, పైన నల్ల నువ్వులు. వంగి, విస్తట్లో పెట్టి, స్కేలు పెట్టినట్టు వరస సరిచేశారు.

అందరూ మెడలు చాచి విస్తట్లోకి చూశారు. మీరు ఊహించే ఉంటారు. నేను మాత్రం ఊహించలేదు, నాలుగు నెలలు ఆ ముద్దల్ని చూసి చూసి నా కంటికి అవి జపాన్ ముద్దలుగానే అలవాటైపోయాయి. పోయినావిడ ఫొటో ముందు, సంవత్సరీకం నాడు, మూడు అన్నం ముద్దలు, నల్ల నువ్వులు. మా వారి మేనత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంట్ల పిండాలు వెడ్తరా? ఎవరు జెప్పిన్రు మీకు?" అంది. వాళ్ళిళ్ళలో పిండమంటే చెరువుగట్టున, కాకి కోసం. గడప లోపలికి రాకూడదు. అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి. "గిది మీ ఆంధ్ర పద్ధతా? మా ఇంట్ల గీ అరిష్టం ఎందుకు వెట్టినవ్?" అంది. మా ఇళ్ళలోనూ ఇలా పెట్టరని, అవి పిండాలు కావని, మామయ్య చేశారని, జపాన్ అని, తొక్కు ఉందని, ఏది ముందు చెప్పాలో తెలియక అన్నీ కలిపి చెప్పాను. ఎవరో, "ఎత్తేయ్, ఎత్తి కాకులకేయ్," అన్నారు. ఒకాయన లేచి విస్తరి మీదికి చెయ్యి చాపాడు.

మామగారికి ఏమీ వినబడటం లేదు. నోళ్ళు కదలడం చూస్తున్నారు. చాపిన చెయ్యి చూశారు. ఆ చెయ్యిని మెల్లగా పక్కకి జరిపి, ఒక ముద్ద తీసుకుని, అందరూ చూస్తుండగా కొరికారు. మా వారి మేనత్త కెవ్వుమంది. ఆయన నమిలి, మింగి, రెండో ముద్ద తీసి నాకిచ్చారు. "తిను బిడ్డా," అన్నారు. నేను తిన్నాను. అంతమంది ముందు, అరిష్టమని గొల్లుమంటున్నవాళ్ళ ముందు, నిలబడి మొత్తం తిన్నాను. మూడోది ఆవిడకి అలాగే ఉంచారు. ఇదీ జరిగింది. ఇందులో ఆకలెక్కడుంది? ఆకలికి కారణం నేనెక్కడున్నాను? ఆ ముద్ద తిన్న రెండో మనిషిని నేనని ఆ కథలో ఎవరూ చెప్పరు. చెబితే కథ నిలబడదు.

వాళ్ళంతా వెళ్ళిపోయాక ఆయన ఫొటో ముందే కూర్చుని ఉన్నారు. నేను విస్తరి తియ్యడానికి వచ్చి, చెవి మిషన్ ఆయన జేబులోంచి నేనే తీసి, ఆయన చెవిలో పెట్టి అడిగాను. ఇరవై ఏళ్ళు మనసులో పెట్టుకున్నదాన్ని ఇంకెప్పుడు అడుగుతాను? "మామయ్యా, అత్తమ్మకి ముద్దన్నం పెట్టారేం?" అన్నాను. ఆయన ముందు నన్ను చూశారు, తర్వాత విస్తట్లో మిగిలిన మూడో ముద్దని చూశారు. వేలితో దాని అంచు నొక్కారు. అది చెదరలేదు. "మంచిగ అంటుకున్నది గదా," అన్నారు. మిషన్ తీసి జేబులో వేసుకున్నారు.

ఆ ఒక్క మాటని నేను తిప్పి తిప్పి చూశాను. ఒకరోజు అది క్షమాపణలా వినబడుతుంది. ఇంకోరోజు తన పనితనానికి మురిసిపోయే రేకు పనివాడి మాటలా వినబడుతుంది. మళ్ళీ అడుగుదామనుకుంటూనే రోజులు గడిపాను. అడగడానికి భయపడ్డానేమో, గుర్తులేదని అంటాడేమోనని. ఆయన పోయి వచ్చే నెలకి రెండేళ్ళు.

మంచం కింద ఆవిడ పెట్టిన ఆఖరి బస్తా ఒకటి ఇంకా ఉంది, విప్పడానికి చేతులు రావడం లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ బియ్యంలో తడి ఇంకిపోయి ఒక గింజకి ఇంకో గింజతో పని లేకుండా పోతుంది. మనుషుల సంగతీ అంతేనేమో, ఇంట్లో ఆ ఇద్దరినీ తలుచుకునే మాటలు కూడా ఇప్పుడు ఒకదానికొకటి అంటడం లేదు. నేను మాత్రం ఆ చతురస్రపు పెనం కడిగినప్పుడల్లా అదే అడుగుతున్నాను. ఆ ముద్దల్ని విస్తట్లో వరసగా సర్దుతున్నప్పుడు, అవే రెండు వేళ్ళతో జానెడు దూరం నెట్టిన ఆ కంచాలు ఆయనకి గుర్తున్నాయా, లేవా?